ఏ పోస్టరు ఏ గోడకి

పాత రైలు పోస్టర్లు బాగుచేసి, ఫ్రేము కట్టి, ఇళ్ళ గోడలకు అమర్చే దుకాణం నడిపినదాన్నీ, వీధిలో చిన్నాపెద్దా 'పోస్టర్లమ్మ' అని పిలిచేదాన్నీ అయిన నేను, డెబ్బై మూడో ఏట, నా తెలివి నా దగ్గరే ఉండగా, ఎవరి బెదిరింపుకీ లొంగకుండా, ఎవరి బుజ్జగింపుకీ కరగకుండా, నా చేత్తో నేనే రాసుకుంటున్న వీలునామా ఇది. ఇంతకుముందు ఏ వీలునామా రాయలేదు. రాశానని ఎవరైనా కాగితం పట్టుకొస్తే అది దొంగ కాగితం.

తెలివి ఉందని డాక్టరు ఇచ్చిన ధ్రువపత్రం దీనికి జతచేశాను. అది చాలదనేవాళ్ళ కోసం ఇంకో ముక్క. నిన్న గాజు కోసే ఆయన తెచ్చిన పలకల్లో ఒకటి పొట్టిగా ఉందని టేపు ముట్టకుండానే చెప్పాను. ఆయన కొలిచి చూసి, తల గోక్కుని, దాన్ని వెనక్కి పట్టుకెళ్ళాడు. ఆయనే ఈ కాగితానికి మొదటి సాక్షి.

ఇది వినబోయేది నా ఇద్దరు కొడుకులు, కోడలు, ఆమె కూతురు అంటే నా మనవరాలు, ఆ పైన మా ఆడపడుచు. మా ఆడపడుచు అంటే మా ఆయన చెల్లెలు. నేను కాపురానికి వచ్చిన రోజు నుంచి ఈ ఇంట్లోనే, మేడ మీద గదిలో ఉంటోంది. పోస్టర్లలో చిరిగిన చోట, రంగు పోయిన చోట మళ్ళీ రంగు నింపే చెయ్యి ఆమెది. ఈ ఇల్లూ దుకాణం చివరికి ఎవరి పాలబడతాయా అని మీ ప్రాణం కొట్టుకుంటూ ఉంటుందని నాకు తెలుసు. ఆ సంగతి ఆఖర్న ఉంది. పక్క కొట్లో గడియారాలు బాగుచేసే పెద్దమనిషిని ఈ వీలునామా అమలుచేసే బాధ్యుడిగా నియమిస్తున్నాను. వరసగా, ఒక్క అక్షరం మింగకుండా చదవమన్నాను. మధ్యలో ఎవరైనా అడ్డొస్తే మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాడు. అలాగని మాట తీసుకున్నాను.

1. ముందుగా ఆస్తి ఎలా వచ్చిందో. కాలం చేసిన మా ఆయన రైల్వే ప్రచార విభాగంలో గుమస్తా. జనం సెలవులకు రైలెక్కాలని ఆ రోజుల్లో రంగురంగుల పోస్టర్లు అచ్చువేసి స్టేషన్లలో అంటించేవారు. కొండలు, సరస్సులు, సముద్రపు ఒడ్డున గొడుగులు, వంతెన దాటుతున్న ఇంజను. ఆ విభాగం మూసేసి, మిగిలిన కట్టల్ని చిత్తుకాగితాల కింద తోలేస్తుంటే ఆయన మనసు ఒప్పుకోక కొనుక్కుని ఇంటికి తెచ్చాడు. తెచ్చి మంచం కింద పెట్టాడు. ఆయన లెక్కలో అదే కాపాడటం. వాటిని మంచం కిందనుంచి లాగి, దుమ్ము దులిపి, గుడ్డ మీద అతికించి, ఫ్రేములు కట్టి, ఇళ్ళిళ్ళకీ మోసుకెళ్ళి మేకులు కొట్టింది నేను. మేము అద్దెకున్న ఈ ఇంటిని ఆ సంపాదనతోనే నా పేర కొన్నాను. ఇది నా స్వార్జితం. ఇందులో తాతల సొమ్ము చిల్లిగవ్వ లేదు. నా ఇష్టం వచ్చినట్టు చేసుకునే హక్కు నాకుంది. ఈ వాక్యం కింద గీత గీశాను, చదివేటప్పుడు కాస్త గట్టిగా చదవండి.

2. నేను పోయాక నా ఫొటో పెద్దది చేయించి ముందుగదిలో పెట్టాలనే ఆలోచన ఎవరికీ రాకూడదు. ఎలాగూ వస్తుంది కాబట్టి షరతు రాస్తున్నాను. మా దుకాణం పద్ధతి మీకు తెలిసిందే. ఎవరు పోస్టరు అడిగినా ఆ రోజే ఇచ్చేదాన్ని కాదు. వాళ్ళ ఇంటికి వెళ్ళి, పోస్టరు కొలతకి కత్తిరించిన ఉత్త గోధుమరంగు కాగితం ఆ గోడకి అంటించి వచ్చేదాన్ని. వారం ఉంచి తీసెయ్యమనేదాన్ని. తీశాక ఇల్లు తెరిపిన పడినట్టుంటే ఆ గోడకి ఏమీ వద్దు. బోసిపోయినట్టుంటే అప్పుడు పోస్టరు. కొంతమంది కోపగించుకుని వేరే కొట్టుకి పోయారు, పోనిచ్చాను. నా ఫొటోకీ అదే పద్ధతి. ముందు కాగితం అంటించండి. వారం తరవాత తీసి చూసి, గోడ బోసిగా ఉంటేనే నన్ను ఎక్కించండి. నవ్వుతున్న ఫొటో కోసం వెతక్కండి, లేదు.

3. కింద రాసిన పోస్టర్లని నేను మనుషులకి ఇవ్వడం లేదు, గోడలకి ఇస్తున్నాను. ఏ పోస్టరు ఏ గోడకో రాశాను. ఆ గోడ ఉన్న ఇంటివాళ్ళకి దాన్ని చూసుకునే హక్కు మాత్రమే దఖలు పడుతుంది. మీ తరవాత మీ పిల్లలకీ అంతే. ఇల్లు మారితే కొత్త గోడకి మళ్ళీ కాగితం పరీక్ష పెట్టాలి.

ఎందుకింత చాదస్తం అంటారు కాబట్టి చెప్తాను. ఈ పోస్టర్లు వేసినవాళ్ళు ఇళ్ళ కోసం వెయ్యలేదు. రెండు చేతుల్లో పెట్టెలతో పరిగెత్తే మనిషి అవతలి ప్లాట్‌ఫారం మీది బొమ్మని ఒక్క చూపులో పట్టుకోవాలని వేశారు. అందుకే నాలుగైదే రంగులు, పెద్దపెద్ద ముక్కలు, పైన బోలెడంత ఆకాశం. ఇవాళ ఇళ్ళలో వాటికి ఇంత గిరాకీ ఉన్నదీ అందుకే. ఇల్లంతా సామాను, బుర్రనిండా పనులు. గుమ్మంలో చెప్పులు విప్పుతూ తలెత్తితే ఎదుటి గోడ మీద ఇంత ఖాళీ ఆకాశం, కింద ఇన్ని నీళ్ళు కనిపిస్తే ప్రాణం లేచొస్తుంది. కానీ జనం చేసేదేమిటి? తీసుకెళ్ళి సోఫా నెత్తిన పెడతారు. సోఫాలో కూచున్నవాళ్ళకి అది కనిపించదు. ఎదుటి కుర్చీలో కూచున్న చుట్టానికి కనిపిస్తుంది. చుట్టాల కోసం పోస్టర్లు కొనుక్కునేవాళ్ళని చూసిచూసి నాకు విసుగొచ్చింది. ఇంకో రకం ఉన్నారు, కింద ఊరిపేరు కనపడకుండా ఫ్రేము కట్టమంటారు, అక్షరాలు కర్టెన్లకి నప్పవట. ఊరిపేరు తీసేస్తే మిగిలేది క్యాలెండరు బొమ్మ. అలాంటివాళ్ళకి క్యాలెండర్ల కొట్టు దారి చూపించాను.

4. కొండ మీద చిన్న స్టేషను, ఎర్ర కోటు వేసుకున్న పాప చెయ్యి ఊపుతున్న పోస్టరు: నా పెద్దకొడుకు ఇంట్లో, అన్నం తినే బల్ల దగ్గర వాడు కూచునే కుర్చీకి ఎదురుగా ఉన్న గోడకి.

పెద్దవాడు లెక్కలు తనిఖీ చేసే ఉద్యోగి. ఎవరు ఏం చెప్పినా రసీదు చూపించమంటాడు. కానీ ఈ పోస్టరు దగ్గర మాత్రం వాడికి రసీదులు అక్కర్లేదు. ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ దాన్ని చూపించి, "మేం చిన్నప్పుడు వెళ్ళాం ఇక్కడికి. పొద్దున్నే ఎంత చలో! అమ్మ నాకు ఉన్ని టోపీ కొనిచ్చింది" అంటాడు. వాడొక్కడే కాదు. ఆ పోస్టరు ముందు నిలబడి, "మా తాతగారితో వెళ్ళాను, రైలు దిగగానే వేరుశెనక్కాయలు అమ్మేవాళ్ళు" అన్నవాళ్ళు దుకాణానికి చాలామంది వచ్చారు. ఆ ఊరికి రైలుమార్గం వెయ్యనేలేదు. వేస్తామనుకుని ముందే పోస్టరు అచ్చువేశారు, కొండరాయి తొలిచేవాళ్ళు చేతులెత్తేశారు, పని ఆగిపోయింది. స్టేషను లేదు, పాప లేదు, వేరుశెనక్కాయలూ లేవు. నేను ఎవర్నీ దిద్దలేదు. సెలవులొస్తేనే దుకాణంలో జనం, కాబట్టి సెలవుల్లో మేము ఎక్కడికీ కదిలింది లేదు. నా పిల్లలు చేసిన ప్రయాణాలన్నీ ఈ గోడల మీదే.

టోపీ మాత్రం నిజం. ఈ వీధి చివరి కొట్లో కొన్నాను. వాడికి తరచూ చెవిపోటు వచ్చేది. ఇది విన్నాక కూడా మేం వెళ్ళామనే అంటాడు, నాకు తెలుసు. అననివ్వండి.

5. సరస్సు మీద తెరచాప పడవల పోస్టరు: అదే ఇంట్లో, కోడలి పడకగదికి వెళ్ళే నడవ గోడకి. నడవకే. ముందుగదిలో కిటికీ పక్కన కాదు. ఇదివరకు ఇచ్చిన తోటల పోస్టరుని ఆమె తీసుకెళ్ళి ఎర్రటి ఎండ పడే గోడకి పెట్టింది. వద్దన్నాను, విన్లేదు. మూడో వేసవికి పూలన్నీ వెలిసిపోయి సున్నం కొట్టినట్టయ్యాయి. వెళ్ళి చూసి నేను నోరు తెరిచేలోపే, "ఇప్పుడే బాగుందత్తయ్యా, కర్టెన్లకి బాగా కలిసింది" అంది. దాని గురించి నేను ఇప్పటిదాకా ఏమీ అనలేదు. ఇప్పుడంటున్నాను. అమ్మా, ఎండలో పెట్టాల్సింది వడియాలు, పోస్టర్లు కాదు.

అయితే నా కంటి ఆపరేషను తరవాత ఆఫీసుకి సెలవు పెట్టి, వేళ తప్పకుండా చుక్కలు వేసింది ఆమే. వేసిన ప్రతిసారీ ముందు తన చేతులు కడుక్కుని, తుడుచుకుని, నా గడ్డం కింద చెయ్యి పెట్టి మెల్లిగా తల పైకెత్తేది. నా కన్నకూతురున్నా అంత మెత్తగా ఎత్తేది కాదు. అందుకని నా చేతి గాజులు, నా మంచి చీరలు, నేను కుట్టిన మందపాటి తెరలు ఆమెకే చెందాలి. తెరలు వెయ్యాల్సిన కిటికీ ఏదో ఆమెకి తెలుసు.

6. సముద్రస్నానాల పోస్టరు: నా చిన్నకొడుకు పనిచేసుకునే గదిలో, వాడి బల్లకి ఎదురుగా ఉన్న గోడకి. వెనక గోడకి కాదు. వాడు రోజూ దాని మొహం చూడాలి.

చిన్నవాడు హోటళ్ళకీ ఆఫీసులకీ లోపలి అలంకరణ చేస్తాడు. పెళ్ళి జోలికి పోలేదు, అది వాడిష్టం. మన దుకాణంలో ఒకే ఒక్క నియమం ఉంది. మన చేతుల మీదుగా అతికించింది ఏదైనా సరే, ఎన్నేళ్ళ తరవాతైనా సరే, నీళ్ళతో మళ్ళీ ఊడి రావాలి. పిండి జిగురు వాడేది అందుకే. మనం పొరపాటు చేస్తే మన తరవాత వచ్చేవాళ్ళు దిద్దుకోవడానికి వీలుండాలి. ఈ నియమం మధ్యలో పుట్టి పెరిగినవాడు, ఒకనాడు నాకు చెప్పకుండా సముద్రం పోస్టరుని పట్టుకెళ్ళి, వేడి యంత్రంలో పెట్టించి, రెండువైపులా ప్లాస్టిక్ అతికించి తెచ్చాడు. "ఇంక నీళ్ళు పడ్డా ఏం కాదమ్మా" అన్నాడు. వాడు నా మీద ప్రేమతోనే చేశాడు. నాకు ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. మా ఆడపడుచు మాత్రం దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, మేడ మీదకి వెళ్ళి, అన్నం తినకుండా పడుకుంది. ఆ కాగితం ఇంక ఆ ప్లాస్టిక్‌లోంచి బయటికి రాదు. కాబట్టి ఆ పని చేసినవాడి గోడకే దాన్ని ఇస్తున్నాను.

దుకాణంలోని పోస్టర్లకి కాపీలు వేసి హోటళ్ళకి అమ్ముకోవడానికి వాడికి అనుమతి ఇస్తున్నాను. "ఒరిజినల్ ఎవడు చూస్తాడమ్మా, జనానికి ఆ ఫీల్ ఉంటే చాలు" అంటాడు కదా, అలాగే అమ్ముకోనీ. ప్రతి కాపీ మీదా అది కాపీ అని, కంటికి ఆనే సైజులో అచ్చువెయ్యాలి. వెయ్యకపోతే ఈ అనుమతి రద్దు.

ఇంకొకటి. పోస్టర్లు చాపి పెట్టే పెద్ద బీరువాలో అన్నిటికంటే కిందున్న సొరుగు వాడిది. నెలల పిల్లాడప్పుడు వాణ్ణి అందులోనే పడుకోబెట్టి పనిచేసుకునేదాన్ని. కాగితం వాసన తగిలితే గాని నిద్రపోయేవాడు కాదు. బీరువా ఇక్కడే ఉంటుంది, సొరుగొక్కటే తీసుకెళ్ళాలి. బీరువాకి కింద పన్ను ఊడినట్టుంటుంది, ఉండనీ.

7. మనవరాలు హాస్టల్లో ఉంటోంది. ఆ గోడలకి మేకు కొట్టకూడదట. అందుకని దానికి చేతిలో పట్టేంత చిన్న పోస్టరు, సొరంగంలోంచి బయటికొస్తున్న ఇంజను బొమ్మ, దారం కట్టి ఇస్తున్నాను. తలుపు వెనక కొక్కేనికి వేలాడదీసుకోవచ్చు. తలుపు వేస్తేనే కనిపిస్తుంది. చదువుకునే పిల్లకి అది చాలు. నా సుత్తి కూడా దానిదే. ఏదో ఒకనాడు మేకు కొట్టనిచ్చే గోడ దొరక్కపోదు. అది సుత్తి ఎలా పట్టుకుంటుందో చూశాను, నాలాగే చివర పట్టుకుంటుంది. వాళ్ళ నాన్న మెడ దగ్గర పట్టుకుంటాడు.

8. పళ్ళ డాక్టరు దగ్గర జనం వేచి ఉండే గదిలో నేను పెట్టిన వంతెన పోస్టరుని ఎవరూ వెనక్కి అడగకూడదు. ఆ గోడ కంటే దానికి మంచి గోడ లేదు. లోపలినుంచి యంత్రం చప్పుడు వినిపిస్తుంటే, దవడ పట్టుకుని కూచున్న మనిషి ఆ వంతెన కమానులు లెక్కపెట్టుకోవడం నేను కళ్ళారా చూశాను.

9. ఇది మా ఆడపడుచు గురించి. మేమిద్దరం వదినా ఆడపడుచులం కాబట్టి పోట్లాట మా హక్కు, దాన్ని సక్రమంగా వాడుకున్నాం. నేను కాపురానికి వచ్చిన కొత్తలో గోడకి మేకు కొడుతుంటే వెనక నిలబడి, "వదినా, గోడ నీకేం అన్యాయం చేసింది?" అంది. అప్పుడు మొదలైంది. చేతిలో ఎప్పుడూ సుత్తి ఉంటుందని నన్ను 'సుత్తి వదిన' అనేది. దానికి ఇంకో అర్థం కూడా ఉందని నాకు తెలియదనుకునేది. నేను కొలతలు తప్పు చెప్పానని ఆమె మూతి ముడిచిన రోజులున్నాయి. ఆమె ఒక పోస్టరు మూల ముందు వారం రోజులు కూచుంటే, ఇంక చాలు లెమ్మని నేను దీపం ఆర్పేసిన రోజులూ ఉన్నాయి.

ఈ మధ్య నాలుగైదేళ్ళుగా మా గొడవ అంతా నీలం మీద. ఆకాశానికి ఆమె కలిపే నీలం మరీ ముదురుగా ఉంటోందని నేను, కాదని ఆమె. "నీ కళ్ళు చూపించుకో వదినా" అనేది. మొన్న శుక్లం తీయించుకుని, కట్టు విప్పి, దుకాణంలోకి వచ్చి తలెత్తి చూశాను. ఆమె నీలమే సరైనది. ప్రతి ఆకాశమూ సరిగ్గానే ఉంది. ఈ మాట నేను నోటితో ఆమెకి చెప్పలేదు, చెప్పను. ఇక్కడ రాస్తున్నాను. గడియారాలాయన ఈ ముక్కని నిదానంగా చదవాలి. ఆమె నవ్వితే నవ్వనివ్వాలి.

10. ఇప్పుడు ఇల్లు.

ఆపరేషను అయ్యాక నన్ను మంచం మీద పడుకోబెట్టి, కదలొద్దన్నారు. కళ్ళకి కట్టు కట్టారు గాని చెవులకి కట్టలేదు. నేను నిద్రపోతున్నాననుకుని నా కొడుకులిద్దరూ నా మంచం పక్కనే మాట్లాడుకున్నారు. "అమ్మ తరవాత దుకాణం ఎవరు నడుపుతారు? కింద కాఫీ షాపుకి ఇచ్చేద్దాం, పోస్టర్లు గోడల మీద ఉంచుకుంటారు, బాగుంటుంది. మేడ ఆఫీసుకి ఇద్దాం" అన్నాడు పెద్దవాడు. "మరి అత్త?" అన్నాడు చిన్నవాడు. "అత్తదేముందిరా, రెణ్ణెల్లు నా దగ్గర, రెణ్ణెల్లు నీ దగ్గర. ఒక్క మనిషి, ఒక్క పెట్టె" అన్నాడు పెద్దవాడు. "నాది చిన్న ఇల్లు, హాల్లో సర్దుకోవాలి మరి" అన్నాడు చిన్నవాడు. అంతే, తేలిపోయింది. తరవాత ఇద్దరూ క్యాంటీనుకి వెళ్ళారు.

నా కొడుకులు చెడ్డవాళ్ళు కారు. అత్తని వీధిలో పెడదామనలేదు, చూసుకుంటామనే అన్నారు. నన్ను కాల్చింది కూడా అదే. నేను గోడలు పట్టుకుని ఊరంతా తిరుగుతుంటే మీకు అన్నాలు పెట్టి, జడుపు జ్వరాలకి పక్కన కూచుని, మీరు నిద్రపోయాక రంగులు కలుపుకున్న మనిషి. పెళ్ళి వద్దంది, ఎందుకని ఎవరూ అడగనక్కర్లేదు, వద్దంది అంతే. ముందు నాన్న ఇల్లు, తరవాత అన్న ఇల్లు, ఆ తరవాత వదిన ఇల్లు. ఎవరేం అడిగినా "నాదేముంది, ఎక్కడో అక్కడ పడుంటాను" అనే మాట ఒకటి అలవాటు చేసుకుంది. ఆమెని రెణ్ణెల్లకోసారి ఒక గుమ్మం నుంచి ఇంకో గుమ్మానికి మోసే కార్యక్రమం వేస్తారా? రంగుల బల్ల ఎక్కడ వేస్తారు, హాల్లోనా? రంగులు కలపడానికి కావలసిన ఉత్తర దిక్కు వెలుగు ఏ హాల్లో పడుతుంది? కళ్ళలో మందు ఉంది, ఏడవకూడదన్నాడు డాక్టరు. ఏడవలేదు. పడుకున్న చోటే నిర్ణయం తీసుకున్నాను.

వకీలుని పిలిపించి, ఇల్లూ దుకాణం మా ఆడపడుచుకి వీలునామాలో రాస్తానన్నాను. "రాయండి. కానీ మీరు పోయాక మీ అబ్బాయిలకి నచ్చకపోతే కోర్టుకి వెళ్తారు. ఆవిడ ఈ వయసులో ఆ మెట్లెక్కాలి" అన్నాడు. ఆమె మేడ మెట్లెక్కడానికే రెండుచోట్ల ఆగుతుంది. కాబట్టి ఈ వీలునామా ద్వారా నేను ఇంటిని ఎవరికీ ఇవ్వడం లేదు. మా ఆడపడుచుకి కూడా ఇవ్వడం లేదు. వెతికినా ఇందులో దొరకదు.

11. పోయిన మంగళవారం, నేను నా కాళ్ళ మీద నడిచి రిజిస్ట్రారు ఆఫీసుకి వెళ్ళి, కింద దుకాణం, మేడ మీద గదులు, రంగుల బల్ల, పోస్టర్ల బీరువా, పైన నేను పేరుపేరునా రాసినవి కాక మిగిలిన పోస్టర్లన్నీ, సర్వహక్కులతో, తిరుగులేని దానపత్రం ద్వారా మా ఆడపడుచుకి రాసి ఇచ్చేశాను. చిన్నవాడి సొరుగుకీ, కాపీలకీ సరేనని, ఆమె పుచ్చుకున్నట్టు సంతకం చేసింది. ముద్రలు పడ్డాయి. ఇది నేను పోయాక జరగబోయే సంగతి కాదు, జరిగిపోయిన సంగతి. ఎవరూ కోర్టుకి వెళ్ళి చెప్పులు అరగదీసుకోవద్దు.

ఆమె ఒక పట్టాన ఒప్పుకోలేదు. "నాకెందుకు వదినా, ఈ వయసులో ఇల్లూ వాకిలీ? ఎక్కడో అక్కడ పడుంటాను" అంది. "పడుండటానికి నువ్వేమన్నా కట్టెల మోపువా?" అన్నాను. "పిల్లలు ఏమనుకుంటారు?" అంది. "అనుకోనీ, అనుకోవడం వాళ్ళ పని" అన్నాను. వంట చేస్తూ పోట్లాడుకున్నాం, ఫ్రేములు తుడుస్తూ పోట్లాడుకున్నాం. ఆస్పత్రిలో విన్న మాటలు మాత్రం ఆమెకి చెప్పలేదు. ఈ కాగితం ద్వారానే ఆమెకి తెలుస్తుంది, తెలిసే వేళకి ఆ మాటలకి కోరలుండవు. చివరికి, "నాకు నీ సంతకం కావాలి, నీ అభిప్రాయం కాదు" అన్నాను. అప్పుడు లేచి మంచి చీర కట్టుకుంది.

తిరిగొచ్చేటప్పటికి మధ్యాహ్నమైంది. తాళంచెవి ఆమె చేతిలో పెట్టాను. ఇన్నేళ్ళలో వీధి తలుపు తాళం ఆమె ఎప్పుడూ తియ్యలేదు. తియ్యాల్సిన పని పడలేదు, మేము తలుపు తీసేటప్పటికి ఎప్పుడూ లోపలే ఉండేది. చెవి ఎటు తిప్పాలో తెలియక కాసేపు అవస్థపడింది. నేను చెప్పలేదు. తలుపు తీసుకుని లోపలికి వెళ్ళి, దీపం వేసి, వెనక్కి తిరిగి చూస్తే నేనింకా మెట్టు మీదే నిలబడి ఉన్నాను. ఎందుకు నిలబడ్డానో నాకే తెలియదు. "అదేంటి వదినా, అక్కడే నిలబడ్డావు? రా, లోపలికి రా" అంది.

అరవై ఆరేళ్ళ మనిషి. తన గుమ్మంలో నిలబడి ఇంకొకళ్ళని లోపలికి రమ్మనడం ఆమెకి అదే మొదలు. నేను మెట్టు మీదే ఏడ్చాను, ఎవరు చూసినా చూడనీ అని ఏడ్చాను. ఆ తరవాత లోపలికి వెళ్ళాను. అప్పటినుంచి నేను ఆమె ఇంట్లోనే ఉంటున్నాను. నన్ను బాగానే చూసుకుంటోంది. మేకులు మాత్రం అడిగి కొట్టమంటోంది.

12. ఈ వీలునామాని మరెక్కడా కాదు, ఇక్కడే, ఈ ముందుగదిలోనే చదవమని గడియారాలాయనకి చెప్పాను. కాబట్టి నాయనలారా, ఇంతసేపూ మీరు కూచున్నది మీ అత్త ఇంట్లో. మీరు తాగిన మంచినీళ్ళు ఆమె ఇచ్చినవి. ఇంక లేవండి. ఎవరి పోస్టరు వాళ్ళు జాగ్రత్తగా పట్టుకోండి. గుమ్మం దాటేముందు వెనక్కి తిరిగి, ఆమెకి "వెళ్ళొస్తాం అత్తా" అని చెప్పండి.

ఇందులో కొట్టివేతలు లేవు, దిద్దుబాట్లు లేవు. ఉన్న ఒక్క మరకా పిండి జిగురుది, తడిబట్టతో తుడిస్తే పోతుంది.

తేదీ: మార్చి పద్నాలుగు, శుక్రవారం.
రాసిన చోటు: మా ఆడపడుచు ఇల్లు, కింది గది.

సంతకం: పోస్టర్లమ్మ

సాక్షులు, నేను వారి ఎదుట, వారు నా ఎదుట సంతకాలు చేసినవారు:
1. గాజు పలకలు కోసే ఆయన
2. మూల మీద పాత కాగితాల కొట్టు ఆవిడ